“ఏంటి?” అన్న మరుక్షణమే అర్థమైపోతుంది, ఎందుకని?

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. ఎదుటివాళ్ళు ఏదో అంటారు. మాట వినిపిస్తుంది, అర్థం మాత్రం కాదు. “ఏంటి?” అంటాను. వాళ్ళు మళ్ళీ చెప్పేలోపే అర్థమైపోతుంది. నలుగురు కూర్చుని మాట్లాడుకునేచోట, ఫోన్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అలాంటప్పుడు రెండోసారి చెప్పినా ఒక్కోసారి అర్థం కాదు. మీటింగ్ నుంచి బయటికొచ్చాక ఎవరు ఏ మాట అన్నారో సరిగ్గా చెప్పలేను. ఇంట్లోవాళ్ళు “నీకు ధ్యాస లేదు” అంటున్నారు. ఇది చెవి లోపమా, మెదడు లోపమా, నిజంగానే ధ్యాస లేకపోవడమా? ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట “వాళ్ళు మళ్ళీ చెప్పేలోపే అర్థమైపోతుంది” అన్నది. అర్థం కావడానికి కొత్తగా ఏ శబ్దమూ చెవిలో పడలేదు కదా. అంటే మొదటిసారి పడిన శబ్దంలోనే కావలసినదంతా ఉందన్నమాట. విన్న ధ్వనిని మెదడు కొద్ది సెకన్లపాటు, ఇంకా అర్థం తియ్యకుండానే, పచ్చిగా నిలవ ఉంచుకుంటుంది. మీ దృష్టి మరోచోట ఉంటే మాట అక్కడే ఆగి ఉంటుంది. “ఏంటి?” అని అడగడంతో దృష్టి ఇటు తిరుగుతుంది, నిలవున్న ధ్వనిని మెదడు పైకి తీసి చదువుకుంటుంది. ఇలా జరిగినప్పుడల్లా చెవి తన పని తాను చేసిందనే అనుకోవచ్చు. ఆలస్యమైంది దృష్టి.

రెండోసారి చెప్పినా అర్థం కాకపోవడం మాత్రం వేరే సంగతి. అక్కడ శబ్దమే సరిగ్గా అంది ఉండదు, లేదా శబ్దం అంది, మాట్లాడుతున్న విషయం ఏమిటో తెలిసి ఉండదు. ఈ మూడింటినీ ఒకే మూటగట్టి “ధ్యాస లేదు” అనేస్తే దేనికీ మందు దొరకదు. కాబట్టి ముందు విడదీయండి. ఈసారి “ఏంటి?” అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క సెకను ఆగండి. ఆ సెకనులో అర్థమైపోతే చిన్న పుస్తకంలో ‘దృష్టి’ అని రాసుకోండి. మాటలే తెలియకపోతే ‘శబ్దం’ అని, మాటలు తెలిసినా ఎవరి గురించో దేని గురించో అంతుపట్టకపోతే ‘విషయం’ అని రాయండి. ఆ మాట పక్కనే, ఎవరు మాట్లాడారు, ఎంత దూరం నుంచి, చుట్టూ ఏ రొద ఉంది అన్నది కూడా రాయండి. రెండు వారాలు రాస్తే చాలు, ఏది ఎక్కువో మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు మెదడు ఏం చేస్తుందో చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న కాక్లియా శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మారుస్తుంది. అవి మెదడు కాండం గుండా కణత లోపలి భాగంలో ఉన్న శ్రవణ వల్కలానికి, అంటే శబ్దాన్ని అందుకునే మెదడు పైపొర భాగానికి చేరతాయి. 1861లో పాల్ బ్రోకా, 1874లో కార్ల్ వెర్నికే అనే వైద్యులు వివరించిన, మెదడు దెబ్బతిన్న రోగుల వల్ల, మాట్లాడడానికి ఒక చోటు, అర్థం చేసుకోవడానికి ఒక చోటు అన్న లెక్క చాలాకాలం నడిచింది. అది మరీ సులువు చేసిన బొమ్మ. ఈనాటి అవగాహన ప్రకారం శ్రవణ వల్కలం నుంచి రెండు దారులు చీలతాయి. ఒకటి కణత వెంబడి ముందుకు, కిందికి సాగి ధ్వనిని అర్థంతో కలుపుతుంది, రెండోది పైనుంచి వెళ్ళి ధ్వనిని నోటి కదలికలతో కలుపుతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో చాలా ఎక్కువమందికి భాష పని ప్రధానంగా ఎడమవైపే జరుగుతుంది. గొంతులోని విరుపు, కోపం, వేళాకోళం పట్టుకోవడంలో మెదడు కుడివైపు పాత్ర ఎక్కువ.

మామూలు మాట సెకనుకు నాలుగు నుంచి ఆరు అక్షరాల వేగంతో నడుస్తుంది. పుస్తకంలో ఉన్నట్టు మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. “ఇంకెప్పుడొస్తావు” అన్నదాంట్లో మూడు మాటలున్నాయి. వాటి మధ్య మౌనం ఎక్కడా లేదు. ఉన్న చిన్న మౌనం ‘ప్ప’ దగ్గర, పెదాలు మూసుకున్న క్షణంలో, అంటే ఒక మాట నడిమధ్యలో ఉంది. ఈ ప్రవాహంలో మాటల హద్దులు గీసుకునేది మెదడే. “పు” వినగానే పులి, పుట్ట, పువ్వు, పుస్తకం అన్నీ ఒక్కసారి మేలుకుంటాయి. “పుస్త” దాకా వచ్చేసరికి పుస్తకమే మిగులుతుంది. చాలా మాటల్ని అవి పూర్తికాకముందే గుర్తుపట్టేస్తాం. విన్నది విన్నట్టు వెంటనే పలకమంటే కొందరు కేవలం పావు సెకను వెనకగా పలుకుతూ పోగలరని విలియం మార్స్‌లెన్-విల్సన్ 1973లో చూపించాడు. అంత తక్కువ వ్యవధిలో కూడా వాళ్ళు అర్థాన్ని వాడుకుంటూనే ఉన్నారు. రెండర్థాల మాట వస్తే రెండూ కాసేపు మేలుకుంటాయి. “చెప్పు” అనగానే కాలిది, నోటిది రెండూ మెదడులో తట్టి, సెకనులో కొద్ది భాగం గడిచేసరికి సందర్భానికి పొసగనిది వెనక్కి తగ్గుతుంది.

వినడమంటే పాత్రలో నీళ్ళు పోయించుకోవడం లాంటిది కాదు. రాబోయేదాన్ని ఊహిస్తూ, వచ్చినదాంతో సరిచూసుకుంటూ పోవడం. ఊహ తప్పితే మెదడుకు అదనపు పని పడుతుంది, దాన్ని కొలవొచ్చు కూడా. వాక్యానికి అర్థంలో పొసగని మాట తగిలిన సుమారు 400 మిల్లీసెకన్లకు తలమీది ఎలక్ట్రోడ్లలో ఒక ప్రత్యేకమైన విద్యుత్ తరంగం కనిపిస్తుందని మార్టా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ 1980లో ప్రచురించారు. దానికి ఎన్400 అని పేరు. మాట ఎంత ఊహించదగ్గదైతే ఆ తరంగం అంత చిన్నది, మెదడుకు అంత తేలిక. 1970లో రిచర్డ్ వారెన్ చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. ఒక మాటలోని ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి అక్కడ దగ్గు శబ్దం పెట్టాడు. విన్నవాళ్ళకు మాట పూర్తిగానే వినిపించింది, దగ్గు సరిగ్గా ఎక్కడ పడిందో కూడా చెప్పలేకపోయారు. చిల్లుల్ని మెదడు అంత నేర్పుగా పూడుస్తుంది.

అయితే పూడ్చడానికి మట్టి కావాలి. ఆ మట్టి, మాట్లాడుతున్న విషయం. నలుగురిలో మీకు కష్టం కావడానికి రొద ఒక్కటే కారణం కాదు, అక్కడ విషయం చెప్పాపెట్టకుండా మారిపోతుంటుంది. పైగా కలిసి మాట్లాడుకునేవాళ్ళు తమలో తాము మాటల్ని కుదించేసుకుంటారు. హెర్బర్ట్ క్లార్క్, డియానా విల్క్స్-గిబ్స్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, వింత ఆకారాలున్న బొమ్మల్ని ఒకరు మాటలతో వర్ణిస్తే రెండోవారు గుర్తుపట్టాలి. మొదటి దఫాలో ఒక్కో బొమ్మకు సగటున 41 మాటలు పట్టాయి. ఆరో దఫాకు 8 చాలాయి. ఆ ఇద్దరికీ 8 మాటలు చాలు, కానీ అప్పుడే వచ్చి పక్కన కూర్చున్నవాడికి అవి సరిపోవు. కాబట్టి నడుస్తున్న సంభాషణలోకి వెళ్ళినప్పుడు ముందు “దేని గురించి?” అని ఒక్కమాట అడగండి. ఆ ఒక్క జవాబు తర్వాతి పది వాక్యాలకు ఆసరా అవుతుంది. అర్థమైనట్టు తలూపి ఊరుకోవడం వల్ల నష్టం ఆ వాక్యంతో ఆగదు, తప్పు విషయం ఆధారంగా తర్వాతి చిల్లులన్నీ తప్పుగా పూడుతూ పోతాయి.

తెలుగులో మాట్లాడేవాళ్ళందరూ గమనించదగ్గది ఇంకొకటి ఉంది. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, అవునా కాదా అన్నది ఆ క్రియకూ చివరే అతుక్కుని ఉంటుంది. “ఆ కాగితాలు రేపు సాయంత్రానికల్లా మీకు పంపించ...” ఇక్కడిదాకా విన్నవాడికి ఏమీ తెలియనట్టే. “గలను” అన్నా “లేను” అన్నా అప్పటిదాకా వాక్యం ఒక్కటే. ఇంకోవైపు, మాట్లాడేవాళ్ళ గొంతు సాధారణంగా వాక్యం చివరికి వచ్చేసరికి తగ్గుతుంది. అదే క్షణంలో వినేవాడి మెదడు జవాబు తయారుచేస్తూ ఉంటుంది. 10 భాషలు పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకరు ఆపి మరొకరు అందుకోవడానికి మధ్య ఎడం సగటున ఇంచుమించు 200 మిల్లీసెకన్లేనని తేలింది. ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే సుమారు 600 మిల్లీసెకన్లు కావాలి. అంటే ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు కట్టుకోవడం మొదలుపెడతాం. అలా, మనవాక్యంలో అసలు సంగతి ఉన్నచోటే గొంతు సన్నబడి, దృష్టి జవాబు మీదికి పోతుంది. “వస్తానన్నావు కదా”, “రానన్నాను” అన్న తగవులకు ఇది పెద్ద కారణమని మా అభిప్రాయం.

దీనికి చెయ్యాల్సింది చిన్నదే. ముఖ్యమైన మాట నడుస్తున్నప్పుడు క్రియ పూర్తిగా వినేదాకా జవాబు గురించి ఆలోచించకండి. విన్నాక ఒక్క క్షణం ఊరుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత క్రియనే తిరిగి చెప్పండి: “పంపించలేరు, అంతేనా?” మీరు మాట్లాడేటప్పుడు కూడా వాక్యం చివర గొంతు దించెయ్యకండి. వీలైతే సంగతి ముందే తేల్చండి: “కుదరదండీ, రేపటికి పంపించలేను.”

ఇక శబ్దం సంగతి. మాటలో బిగ్గరగా ఉండేవి అచ్చులు. స, శ, త, ప, క లాంటి హల్లులు నీరసమైన ధ్వనులు, వాటిలో చాలావాటి ఆనవాళ్ళు 2,000 హెర్ట్జ్‌కి (సెకనుకు 2,000 కంపనాలకు) పైన, అంటే పై స్థాయిల్లో ఉంటాయి. ఒక మాటను మరో మాట నుంచి వేరు చేసేది ఎక్కువగా ఇవే. వయసుతో వచ్చే వినికిడి లోపం పై స్థాయిల నుంచే మొదలవుతుంది. అందుకే అలాంటివాళ్ళు “వినబడడం లేదు” అనరు, అచ్చంగా మీలాగే “వినబడుతోంది, అర్థం కావడం లేదు” అంటారు. వాళ్ళతో అరిచి మాట్లాడితే అచ్చులే మరింత పెద్దవవుతాయి, హల్లులు ఉన్నచోటే ఉంటాయి. కొంచెం నెమ్మదిగా, పదబంధాల మధ్య ఆగుతూ, హల్లులు విడిగా పలికితే మేలు. 46 ఏళ్ళకు ఇది మొదలై ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పరీక్ష చేయించకుండా తేల్చకూడదు.

ఈలోగా దూరం తగ్గించుకోండి. బయలు ప్రదేశంలో దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో ప్రతిధ్వని వల్ల అంత లాభం రాదు కానీ, రెండు మీటర్ల నుంచి మీటరుకు జరిగితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నలుగురిలో కూర్చునేటప్పుడు రొద మీ వీపు వెనక, మాట్లాడేవాళ్ళ ముఖం వెలుతురులో ఉండేలా చోటు చూసుకోండి. ముఖం చూడడం మర్యాద కోసం మాత్రమే కాదు. చెవికి ‘బ’ వినిపిస్తూ కంటికి ‘గ’ పలికే నోరు కనిపిస్తే చాలామందికి ‘ద’ అని వినిపిస్తుందని హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు. కన్ను చెప్పేదాన్ని మెదడు చెవి ఖాతాలోనే వేసుకుంటుంది. రొదలో ‘ప’, ‘త’, ‘క’ చెవికి దాదాపు ఒకటే, పెదాల మీద ‘ప’ ఇట్టే తెలిసిపోతుంది. పక్కగదిలోంచి పిలిచి చెప్పిన మాట అర్థం కాకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. గోడ పై స్థాయి ధ్వనుల్ని ఎక్కువగా ఆపుతుంది, ముఖం ఎలాగూ కనిపించదు.

ఫోన్లో ముఖమూ లేదు, ధ్వనిలోనూ కోత. పాత టెలిఫోన్ పద్ధతి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపుతుంది, ‘స’లోని ఈల చాలావరకు దానికి పైనే ఉండిపోతుంది. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్, కొత్త నెట్‌వర్క్‌ల కాల్స్ ఇంతకంటే నయం. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ముఖ్యమైన సంభాషణకు వీడియో కాల్ అడగండి. అంకెల దగ్గర మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. ఇరవై, అరవై మధ్య తేడా మొదటి అక్షరంలోనే ఉంది, దాన్ని కాస్త మింగేస్తే చాలు, 20 కాస్తా 60 అవుతుంది. “ఆరు, సున్నా” అని విడివిడిగా తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి.

ధ్యాస గురించి మీ ఇంట్లోవాళ్ళు అనేదాంట్లో నిజం లేకపోలేదు. కానీ అది గుణం తక్కువై కాదు. 1953లో కాలిన్ చెర్రీ రెండు చెవుల్లో రెండు వేర్వేరు సందేశాలు వినిపించి ఒకదాన్నే పట్టించుకోమంటే, రెండోదానిలో ఏం చెప్పారో జనం దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. పట్టించుకోని చెవిలో తమ పేరే వచ్చినా గమనించింది మూడింట ఒక వంతు మందేనని నెవిల్ మోరే 1959లో కనుక్కున్నాడు. ఫోన్లో మెసేజ్ చదవడం, మాట వినడం రెండూ భాషను అర్థం చేసుకునే ఒకే యంత్రాంగాన్ని కోరతాయి. రెండూ కలిపి చేస్తున్నామనుకున్నప్పుడు నిజానికి ఒకదాని నుంచి ఒకదానికి దూకుతుంటాం, దూకిన ప్రతిసారీ కొన్ని అక్షరాలు జారిపోతాయి. ఇంట్లోవాళ్ళతో ఒక ఒప్పందం చేసుకోండి. వాళ్ళు ముందు పేరు పెట్టి పిలవాలి, మీరు తల తిప్పేదాకా ఆగాలి, తర్వాతే విషయం చెప్పాలి. మీరు చేతిలోది పక్కన పెట్టాలి. పేరు, విషయం ఒకే ఊపిరిలో చెప్పేస్తే, పేరు విని దృష్టి తిరిగేసరికి సగం వాక్యం వెళ్ళిపోతుంది.

“ఏంటి?” అని అడగడానికి సిగ్గుపడకండి. 12 భాషల సంభాషణల్ని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉన్నారు. సంభాషణ కూలిపోకుండా నిలబడేది దానివల్లే. కాకపోతే అడగడంలో తేడాలున్నాయి. “ఏంటి?” అంటే ఎదుటివారు మొత్తం మళ్ళీ చెప్పాలి, తరచూ అదే వేగంతో అదే తీరులో చెబుతారు, మీరు మళ్ళీ అక్కడే జారతారు. “ఎవరు వస్తున్నారన్నారు?” అంటే పోయిన ముక్క మాత్రం తెచ్చిస్తారు, అదీ కాస్త ఒత్తి పలికి. “శుక్రవారం అనేనా?” అంటే ఒక్క ‘ఊ’తో తేలిపోతుంది, పైగా మిగతాదంతా మీరు విన్నారని వాళ్ళకు తెలుస్తుంది. ధ్యాస లేదన్న నింద తగ్గించడానికి ఈ మూడోదానికి మించినది మాకు తెలియదు. కనీసం రెండోది అలవాటు చేసుకోండి.

మీటింగ్‌లో ఎవరు ఏ మాట అన్నారో గుర్తులేకపోవడం గురించి దిగులు పడనక్కర్లేదు, అది ఆరోగ్యంగా ఉన్న మెదడు చేసే పనే. జాక్వెలిన్ శాక్స్ 1967లో చూపించిన ప్రకారం, ఒక వాక్యం విన్నాక మరో 80 అక్షరాలు, అంటే దాదాపు 27 సెకన్ల మాటలు గడిచేసరికి, దాని అర్థం మారితే జనం పట్టుకోగలరు, వాక్యం కూర్పు మాత్రమే మారితే పట్టుకోలేరు. అర్థం తీసుకున్నాక మెదడు మాటల్ని వదిలేస్తుంది. కాబట్టి ఆ అర నిమిషంలోపే రాసుకోవాలి. అన్నీ కాదు: అంకె, తేదీ, ఎవరు చేస్తామన్నారు, చివరి క్రియ. మీటింగ్‌లో ఏం చర్చకొస్తుందో ముందే తెలిస్తే వినడం కూడా తేలికవుతుంది, ఊహించడానికి ఆధారం దొరుకుతుంది కనుక.

పరీక్షల సంగతి. వినికిడిని పరీక్షించే నిపుణుణ్ణి, అంటే ఆడియాలజిస్టును కలవండి. మామూలుగా 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు బీప్ శబ్దాలతో పరీక్షిస్తారు. మీ విషయంలో అది చాలదు, మాటలతో చేసే పరీక్ష, వీలుంటే రొదలో మాటలు వినే పరీక్ష కూడా చెయ్యమని అడగండి. బీప్‌ల పరీక్ష బాగానే వచ్చినా రొదలో ఇబ్బంది పడేవాళ్ళున్నారు. చెవిలో గులిమి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. దాన్ని పుల్లతో తియ్యబోతే ఇంకా లోపలికి పోతుంది, డాక్టరుతోనే తీయించండి. నిద్ర చాలకపోయినా దృష్టి మందగిస్తుంది, వాడుతున్న మందుల పేర్లు కూడా చెప్పండి.

వీటితో ముడిపెట్టకూడనివి రెండున్నాయి. ఉన్నట్టుండి ఎదుటివాళ్ళ మాటలు తెలియని భాషలా అనిపించినా, మీ నోట మాట తారుమారైనా, ముఖం ఒకపక్కకు జారినా, ఒక చెయ్యి పట్టుతప్పినా అది పక్షవాతం కావచ్చు. కాసేపటికి తగ్గిపోయినా సరే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి 4.5 గంటల్లోనే ఇస్తారు. ఒక చెవి గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వినికిడి కోల్పోతే అది కూడా ఆగే విషయం కాదు, ఆ రోజే చెవి డాక్టరు చూడాలి.

ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వారాల పుస్తకం వెంట తీసుకెళ్ళండి. ‘శబ్దం’ అని రాసినవి ఎక్కువుంటే ఆ పుటలు చూపించండి, ముఖ్యంగా రొద లేనిచోట, మీటరు దూరంలో ఉన్నవాళ్ళ మాట తెలియని సందర్భాలు. ‘దృష్టి’ అన్నవే ఎక్కువుంటే ఆ పుస్తకాన్ని ముందు ఇంట్లోవాళ్ళకు చూపించి, పైన చెప్పిన ఒప్పందం ఆ రోజు నుంచే మొదలుపెట్టండి.